ఆఫీసుకు వచ్చే దొంగ మెయిళ్లు: ముందు ఆ కంప్యూటర్ నెట్ కేబుల్ తీసేయండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: విజయవాడ ఆటోనగర్‌లో మోటారు పంపులు, పైపుల డీలర్‌షిప్, తొమ్మిది మంది స్టాఫ్. వెబ్‌సైట్‌లో పెట్టిన ఇన్ఫో మెయిల్‌కి రోజుకు నలభై యాభై చెత్త మెయిళ్లు వస్తున్నాయి. పోయిన వారం మీ అడ్రస్ నుంచే మీకు "నీ కంప్యూటర్ నా చేతిలో ఉంది, బిట్‌కాయిన్ పంపు" అని ఒకటి వచ్చింది. మొన్న జీఎస్టీ నోటీసు పేరుతో జిప్ ఫైలు వస్తే, అకౌంట్స్ చూసే అమ్మాయి తెరిచి, ఏమీ కనిపించకపోయేసరికి మూసేసింది. మంచి యాంటీవైరస్ కొంటే సరిపోతుందా అని మీ ప్రశ్న.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకు కంప్యూటర్లు, మెయిళ్లు చూసిపెట్టడం ఇరవై రెండేళ్లుగా నా పని. రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, మిర్చి ఎగుమతిదారులు, నర్సింగ్ హోమ్‌లు ఎక్కువ. ఆ అనుభవంతో చెబుతున్నాను. యాంటీవైరస్ సంగతి చివర్లో మాట్లాడుకోవచ్చు. ముందు ఆ జిప్ ఫైలు.

తెరిస్తే ఏమీ కనిపించలేదని మీరు తేలిగ్గా తీసుకున్నట్టున్నారు. నాకు మాత్రం అక్కడే భయం వేసింది. నిజమైన నోటీసైతే పీడీఎఫ్ తెరుచుకుని నాలుగు అక్షరాలు కనబడతాయి. డబుల్ క్లిక్ చేసినా తెర మీద ఏమీ కదల్లేదంటే, జరగాల్సింది వెనకాల జరిగిపోయి ఉండొచ్చు. కాబట్టి ఇది చదవడం ఆపి, ఆ కంప్యూటర్ నెట్ కేబుల్ పీకేయండి. వైఫై ఉంటే ఆపేయండి. సిస్టమ్ ఆఫ్ చేయక్కర్లేదు, నెట్ తెగితే చాలు. ఆఫీసులో షేర్ చేసిన ఫోల్డర్లన్నీ ఆ సిస్టమ్‌కి కనబడుతుంటాయి కదా, కేబుల్ తీస్తే ఆ దారి కూడా మూసుకుంటుంది. టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) డేటా బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్‌ని మాత్రం పొరపాటున కూడా ఇప్పుడు దానికి గుచ్చకండి.

తరవాత పాస్‌వర్డ్‌లు. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. కంగారులో అదే కంప్యూటర్ మీద కూర్చుని పాస్‌వర్డ్ మారుస్తారు. అందులో దొంగ ప్రోగ్రామ్ కూర్చుని ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికే వెళ్తుంది. మీ ఫోన్ నుంచో, వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచో మార్చండి. ముందు మెయిల్, తరవాత బ్యాంకు, ఆ తరవాత జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్లు. మెయిల్ ముందు ఎందుకంటే, మిగతా అన్నింటి పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు వచ్చేది దానికే. మార్చాక సెట్టింగ్స్‌లో "అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్" అనేది కూడా నొక్కండి. ఈ రకం ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌తో పాటు, బ్రౌజర్‌లో అప్పటికే లాగిన్ అయి ఉన్న గుర్తును కూడా ఎత్తుకుపోతాయి. సైన్ అవుట్ చేయకపోతే పాస్‌వర్డ్ మార్చినా వాడు లోపలే ఉండిపోవచ్చు.

పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, కొటేషన్ పేరుతో వచ్చే జిప్ ఫైళ్లలో తరచూ కనబడేవాటిలో ఏజెంట్ టెస్లా అనే దొంగ ప్రోగ్రామ్ ఒకటి. 2014 నుంచి తిరుగుతోంది. కీబోర్డ్ మీద కొట్టే ప్రతి అక్షరం, క్రోమ్‌లో "సేవ్ పాస్‌వర్డ్" అని దాచుకున్నవన్నీ, అప్పుడప్పుడు తెర ఫొటో కూడా తీసి దొంగకి పంపిస్తుంది. కంప్యూటర్ స్లో అవ్వదు, ఎర్ర బొమ్మలు రావు. మీ అకౌంట్స్ అమ్మాయి బ్యాంకు పాస్‌వర్డ్ క్రోమ్‌లో సేవ్ చేసుకుందేమో అడగండి. ఆ సిస్టమ్‌ని బాగు చేయించడం అనే ఆలోచన వదిలేసి, డేటా కాపీ చేయించి, ఫార్మాట్ కొట్టించి, విండోస్ కొత్తగా వేయించండి. ఒక పూట పని పోతుంది, అంతే.

ఇక ఆ అమ్మాయి. దయచేసి ఆమెను ఏమీ అనకండి. మర్యాద కోసం చెప్పడం లేదు, మీ వ్యాపారం కోసమే చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఇలాంటి ఫైలే గుమస్తా తెరిచాడు. పొద్దున పదకొండింటికి. తెరిచిన పది నిమిషాల్లో ఏదో తేడాగా ఉందని అతనికి తెలిసింది, ఫైళ్ల పేర్లు మారడం కళ్లతో చూశాడు. కానీ అక్కడి యజమానికి నోరు ఎక్కువ. అంతకు ముందు వారమే బిల్లు తప్పు పోయిందని అందరి ముందూ తిట్టారు. దాంతో అతను ఎవరికీ చెప్పలేదు. తనే యూట్యూబ్ చూసి బాగు చేయాలని సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. ఆరు గంటలకు నాకు ఫోన్ వచ్చేసరికి టాలీ డేటా, తూకం చీటీల స్కాన్‌లు, రైతుల బస్తాల లెక్కలు అన్నీ తెరవడానికి వీల్లేకుండా తాళం పడిపోయాయి. బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా అదే సిస్టమ్‌కి తగిలించి ఉండటంతో అదీ పోయింది. ఎవరి మిర్చి ఏ చాంబర్‌లో ఎన్ని బస్తాలు ఉందో కాగితం చీటీలు వెతికి మళ్లీ రాసుకోవడానికి వాళ్లకు రెండు నెలలు పట్టింది. ఆ కుర్రాడు పదకొండింటికే "సార్, తప్పు జరిగింది" అని ఉంటే ఒక్క సిస్టమ్‌తో పోయేది. ఈ ఉద్యోగంలో నేను చూసిన పెద్ద నష్టాల్లో ఎక్కువ భాగం క్లిక్ చేసిన నిమిషంలో జరిగినవి కావు. క్లిక్ చేశాక భయంతో నోరు మూసుకున్న గంటల్లో జరిగినవి.

మీ దగ్గర ఆ అమ్మాయి వచ్చి చెప్పిందంటేనే మీ ఆఫీసులో సగం రక్షణ ఉన్నట్టు. రేపు స్టాఫ్ అందరి ముందూ "చెప్పి మంచి పని చేశావమ్మా" అనండి. అది విన్న మిగతా ఎనిమిది మందీ రేపు వాళ్లకు జరిగితే చెబుతారు.

ఇప్పుడు మీ అడ్రస్ నుంచే మీకు వచ్చిన బెదిరింపు. అది చూసి మీకు టెన్షన్ రావడం సహజమే, కానీ నిజానికి మీకు వచ్చినవాటిలో అన్నిటికంటే తక్కువ ప్రమాదం దాంతోనే. ఉత్తరం కవరు మీద "ఫ్రమ్" దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు కదా, ఏ పోస్టుమానూ అడగడు. మెయిల్ పంపే పద్ధతి 1982 ప్రాంతంలో తయారైంది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది మధ్య వాడకానికి కాబట్టి పంపినవాడు నిజంగా వాడేనా అని చూసే ఏర్పాటు అందులో పెట్టలేదు. ఆ లోటు పూడ్చడానికి తరవాత మూడు ఏర్పాట్లు వచ్చాయి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. మీ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తరవాత ఉండే మీ పేరు) మీద ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో, అది కాకుండా వేరేచోటి నుంచి వస్తే ఏం చేయాలో ఇవి చెబుతాయి. మీ పేరుతో మీకే మెయిల్ వచ్చి ఇన్‌బాక్స్‌లో పడిందంటే, మీ డొమైన్‌కి ఇవి సరిగా పెట్టి ఉండరు. వెబ్‌సైట్ చేసిన అబ్బాయికి ఈ మూడు పేర్లు చెప్పి పెట్టమనండి. అతనికి తెలిస్తే గంట పని. తెలియదంటే వేరే మనిషిని చూసుకోవడం మంచిది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కూడా పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లకు ఇవి తప్పనిసరి చేశాయి. చిన్నవాళ్లకు కూడా ఇవి లేకపోతే మీరు పంపే కొటేషన్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. అంటే ఇది దొంగల కోసమే కాదు, మీ సేల్స్ కోసం కూడా.

ఆ బెదిరింపులో మీ పాత పాస్‌వర్డ్ ఒకటి రాసి ఉందా? ఉంటే కంగారు పడకండి. ఎప్పుడో మీరు అకౌంట్ తెరిచిన ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైన జాబితాలో అది ఉంటుంది. లింక్డ్‌ఇన్ నుంచి 2012లో పోయిన పాస్‌వర్డ్‌లు నాలుగేళ్ల తరవాత పదకొండు కోట్లకు పైగా బయటపడ్డాయి. అలాంటి జాబితాలు కొనుక్కుని వేల మందికి ఒకే ఉత్తరం పంపుతారు. "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైట్‌లో మీ మెయిల్ అడ్రస్ కొడితే ఏ లీకులో ఉందో చూపిస్తుంది. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే ఈ రోజే మార్చండి. డబ్బు పంపొద్దు, జవాబు రాయొద్దు.

జీఎస్టీ నోటీసు దగ్గరికి వస్తే, "డిపార్ట్‌మెంట్ వాళ్లు మెయిల్ పంపరు, అన్నీ దొంగవే" అని కొందరు చెబుతారు. అది తప్పు. జీఎస్టీ చట్టం ప్రకారం నోటీసు మెయిల్‌లో కూడా పంపొచ్చు. దొంగదని పక్కన పడేసి గడువు దాటిపోయిన వ్యాపారి నాకు తెలుసు, పెనాల్టీ కట్టాడు. అందుకని నమ్మడమూ వద్దు, పారేయడమూ వద్దు. మెయిల్‌లో ఉన్న లింకు, ఫైలు ముట్టుకోకుండా, మామూలుగా మీరు రిటర్న్ వేసేటప్పుడు వెళ్లే దారిలోనే జీఎస్టీ పోర్టల్‌లోకి లాగిన్ అయి, సర్వీసెస్‌లో యూజర్ సర్వీసెస్, అందులో నోటీసులు, ఆర్డర్లు ఉన్నచోట చూడండి. కాగితం మీద ఆర్‌ఎఫ్‌ఎన్ అనే రిఫరెన్స్ నంబరు ఉంటే అదే పోర్టల్‌లో సరిచూడొచ్చు. కేంద్ర జీఎస్టీ అధికారులు పంపేవాటికి 2019 నవంబరు 8 నుంచి డిన్ అనే గుర్తింపు నంబరు వేసే పద్ధతి వచ్చింది, సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) వెబ్‌సైట్‌లో దాన్ని కొట్టి చూడొచ్చు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు అంతకు నెల ముందే, 2019 అక్టోబరు 1 నుంచి ఉంది. వాళ్ల ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలోనే లాగిన్ లేకుండా నోటీసు అసలుదో కాదో చూసుకునే చోటు ఉంటుంది. మీ ఆడిటర్ గారికి ఫోన్ చేసినా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. అనుమానం వచ్చిన మెయిల్‌ని మాత్రం ఆయనకు ఫార్వర్డ్ చేయకండి, ఆయన ఆఫీసులో ఇంకెవరో తెరుస్తారు. తెర ఫొటో తీసి పంపండి.

అసలుదో నకిలీదో అడ్రస్ చూసి పట్టుకోవడం స్టాఫ్‌కి నేర్పేటప్పుడు నేనొక పోలిక చెబుతాను. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇంటర్నెట్ పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుంది. "ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ రీఫండ్ ఏదో డాట్ కామ్" అని ఉందనుకోండి. ఎడమ నుంచి చదివితే ప్రభుత్వానిదే అనిపిస్తుంది. కుడి నుంచి వెనక్కి రండి: చివర డాట్ కామ్, దాని ముందు రీఫండ్ ఏదో. వీడి ఇంటిపేరు అదీ. ముందు రాసుకున్నదంతా వాడు పెట్టుకున్న ముద్దుపేరు. ప్రభుత్వ సైట్లు డాట్ గవ్ డాట్ ఇన్‌తోనో, డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్‌తోనో ముగుస్తాయి. బ్యాంకులు కూడా 2025 అక్టోబరు ఆఖరుకల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, ఇది మనకు మంచి గుర్తు. కంప్యూటర్‌లో అయితే లింకు మీద బాణం పెట్టి నొక్కకుండా ఉంచండి, తెర కింద ఎడమ మూల అసలు అడ్రస్ కనబడుతుంది. ఫోన్‌లో పంపినవాళ్ల పేరు మాత్రమే చూపిస్తుంది, ఆ పేరు మీద నొక్కితేనే అడ్రస్ తెలుస్తుంది. అందుకే డబ్బుకు సంబంధించిన మెయిల్ ఏదైనా ఫోన్‌లో చూసి నిర్ణయం తీసుకోవద్దని నేను అందరికీ చెబుతాను.

ఫైళ్ల పేర్లలో ఇంకో మోసం ఉంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోక దాచేస్తుంది. "ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ" (ఈఎక్స్‌ఈ అంటే కాగితం కాదు, నడిచే ప్రోగ్రామ్) అని ఉన్నది మీ అమ్మాయికి "ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్"గానే కనబడి ఉంటుంది, పైగా బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెడతారు. ఫోల్డర్‌లో వ్యూ మెనూకి వెళ్లి "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" దగ్గర టిక్ పెట్టండి. తొమ్మిది సిస్టమ్‌లకూ పెట్టండి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి నాకు తెలియదు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ పంపి, ఆ పాస్‌వర్డ్‌ని మెయిల్‌లోనే రాసి ఉంటే అది దాదాపు దొంగదే. స్కానర్లు లోపల చూడకుండా ఉండటానికే ఆ తాళం.

రోజుకు నలభై చెత్త మెయిళ్లు తగ్గడానికి: మీ హోస్టింగ్‌లో (మీ వెబ్‌సైట్, మెయిల్ నడిపే సర్వర్ కంపెనీ దగ్గర) క్యాచ్-ఆల్ అనేది ఆన్‌లో ఉందేమో చూడమనండి. అది ఉంటే మీ డొమైన్ ముందు ఏ పేరు పెట్టి పంపినా మీకే వచ్చి పడుతుంది. ఆపేస్తే చాలావరకు తగ్గుతాయి. వెబ్‌సైట్‌లో అడ్రస్ అక్షరాల్లో రాయకుండా ఎంక్వయిరీ ఫారం పెట్టి, దానికి క్యాప్చా (నింపేది మనిషా, ప్రోగ్రామా అని చూసే పరీక్ష) పెట్టండి. పేరున్న కంపెనీల ప్రకటనలకు అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొచ్చు, ఊరూ పేరూ లేనివాటికి నొక్కకండి. నొక్కితే ఇక్కడ మనిషి ఉన్నాడని వాడికి తెలుస్తుంది. డిలీట్ బదులు స్పామ్ అని గుర్తు పెట్టండి. ఫిల్టర్‌ని మరీ బిగించొద్దు. కొత్త కస్టమర్ ఎంక్వయిరీ స్పామ్‌లో పడి పోతే అది కూడా నష్టమే. రోజూ సాయంత్రం ఒకరు ఐదు నిమిషాలు స్పామ్ ఫోల్డర్ చూడాలి, అందులోవి తెరవకుండా పేర్లు మాత్రమే.

ఇంత చెప్పినా, రోజూ వచ్చే ఈ నలభై మెయిళ్లు నాకు అంత పెద్ద భయం కాదు. నన్ను నిద్ర పోనివ్వనిది వేరే రకం: తప్పుల్లేకుండా, మీకు తెలిసినవాళ్ల పేరుతో, సరిగ్గా డబ్బు కట్టాల్సిన రోజున వచ్చే ఒక్క మెయిల్.

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారుకి జరిగింది చెబుతాను. శ్రీలంకలో ఆయనకు పన్నెండేళ్ల పాత కొనుగోలుదారు ఉన్నారు. ఒక కంటెయినర్ తేజ మిర్చి వెళ్లింది, కాగితాలు తయారయ్యాయి, డబ్బు రావాలి. వారం గడిచినా రాలేదు. ఆయన ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఆశ్చర్యపోయారు: "మీరు కొత్త బ్యాంకు అకౌంట్ పంపారుగా, నాలుగు రోజుల కిందటే వేశాం." నేను వెళ్లి ఆయన మెయిల్ తెరిచి ఫిల్టర్లు ఉన్నచోట చూశాను. ఆయనకు ఫిల్టర్ అంటే ఏమిటో తెలియదు, కానీ అక్కడ ఒకటి ఉంది. దాని పేరు ఒక చుక్క. పేరే లేనట్టు ఉండాలని ఒక్క చుక్క పెట్టాడు వాడు. ఆ కొనుగోలుదారు నుంచి వచ్చే మెయిల్‌లో పేమెంట్, బ్యాంక్ అనే మాటలు ఉంటే చదివినట్టు గుర్తు పెట్టి, ఎవరూ తెరవని ఒక ఫోల్డర్‌లోకి తోసేయాలని అందులో రాసి ఉంది. మూడు వారాలుగా వాడు లోపల కూర్చుని ప్రతి ఉత్తరమూ చదివాడు. కాగితాలు వెళ్లే రోజు చూసి, అచ్చం ఆయన డొమైన్ లాంటిదే ఇంకోటి కొని దాని నుంచి ఇన్‌వాయిస్ పంపాడు. ఆయన కంపెనీ పేరులో ఇంగ్లిషు ఎం అక్షరం ఉంది. దాని బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టాడు. చిన్న అక్షరాల్లో రెండూ ఒకేలా కనబడతాయి. లెటర్‌హెడ్ అదే, స్టాంపు అదే, సంతకం అదే. మారింది అకౌంట్ నంబరు మాత్రమే.

ఆ డబ్బు తిరిగి రాలేదు. తప్పు ఎవరిది, నష్టం ఎవరు భరించాలి అన్న దగ్గర పన్నెండేళ్ల స్నేహం కూడా పోయింది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి టేబుల్ మీద ఉన్న శాంపిల్ మిరపకాయలు వేళ్లతో తిప్పుతూ కూర్చున్నారు. అది నేను మరిచిపోలేదు. చదువుకోనివాళ్లు, చిన్నవాళ్లు మోసపోతారనుకోకండి. లిథువేనియాకు చెందిన ఎవాల్డాస్ రిమాసౌస్కాస్ అనే మనిషి 2013, 2015 మధ్య తైవాన్ కంపెనీ క్వాంటా పేరుతో నకిలీ ఇన్‌వాయిస్‌లు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచే 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అమెరికా కోర్టు ఐదేళ్ల జైలు శిక్ష వేసింది. వాడు వాడింది కొత్త టెక్నాలజీ ఏమీ కాదు, రోజూ బిల్లులు కట్టే అలవాటునే వాడుకున్నాడు.

అందుకే మీ ఆఫీసులో ఈ రోజు నుంచే ఒక ఆచారం పెట్టండి. సప్లయర్ ఎవరైనా సరే, బ్యాంకు అకౌంట్ మారిందని మెయిల్, వాట్సాప్, ఉత్తరం ఏది వచ్చినా, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, తెలిసిన గొంతు విన్నాకే డబ్బు కదలాలి. ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు చేయకూడదు, అది కూడా వాడిదే అయి ఉంటుంది. మీ పేరుతో, మీ ఫొటోతో "మీటింగ్‌లో ఉన్నాను, ఈ అకౌంట్‌కి వెంటనే వేయండి, ఫోన్ చేయొద్దు" అని మెసేజ్ వచ్చినా ఇదే పద్ధతి. యజమానిగా మీరు స్టాఫ్‌తో ఒక మాట స్పష్టంగా చెప్పాలి: "నేను చెప్పినా సరే, నాకు ఫోన్ చేయకుండా కొత్త అకౌంట్‌కి వేయొద్దు. దానికి లేటైతే నేను కోప్పడను." ఈ మాట మీ నోటి నుంచి వింటేనే అకౌంట్స్ అమ్మాయి ధైర్యంగా ఆపగలుగుతుంది.

దీనికి తోడు, రిజర్వ్ బ్యాంకు ఆదేశం మేరకు 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ పంపేటప్పుడు అకౌంట్ నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కొడితే అసలు ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం వచ్చింది. తొందరలో చాలామంది అది చూడకుండా దాటేస్తున్నారు. పైపుల కంపెనీకి కట్టే డబ్బుకు ఎవరో మనిషి పేరు కనబడితే అక్కడే ఆగిపోవాలి.

మీ మెయిల్‌లో కూడా ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ ఉన్నచోట ఒకసారి చూడండి. మీరు పెట్టనిది ఏదైనా ఉంటే తెర ఫొటో తీసి ఉంచుకుని, తరవాత తీసేయండి. ఇన్ఫో మెయిల్ పాస్‌వర్డ్ ఐదుగురికి తెలుసని రాశారు. పోయినేడు మానేసి వెళ్లిన సేల్స్ అబ్బాయికి కూడా తెలిసే ఉంటుంది. ఎవరి మెయిల్ వాళ్లకు ఇచ్చి, అన్నింటికీ టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే పద్ధతి) పెట్టండి. ఎస్‌ఎంఎస్‌లో వచ్చే కోడ్ కంటే, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు.

ఒకవేళ డబ్బు పోతే మొదటి ఫోన్ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. బ్యాంకు మేనేజర్ గారు భోజనం నుంచి వచ్చేదాకా ఆగొద్దు. ఆ నంబరుకు చెబితే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్లి, ఇంకో అకౌంట్‌కి మళ్లేలోపు ఆపే అవకాశం ఉంటుంది. వాళ్లు అడిగేవి ఇవే: యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే నంబరు), ఎంత, ఎప్పుడు, ఏ అకౌంట్‌కి. వెంటనే మీ బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, తరవాత సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. ఆ మెయిల్ డిలీట్ చేయొద్దు, అదే సాక్ష్యం. మీ ప్రమేయం లేకుండా మూడోవాడి వల్ల అకౌంట్ నుంచి డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్లకు నష్టం పడకూడదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది. కానీ మోసపోయి మీరే స్వయంగా పంపిన డబ్బుకు ఆ రక్షణ దొరకడం చాలా కష్టం. కాబట్టి పంపేముందు చేసే ఆ ఒక్క ఫోన్ కాల్ విలువ ఎంతో ఊహించుకోండి.

యాంటీవైరస్ అడిగారు కదా. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చిన్న ఆఫీసుకు చాలావరకు సరిపోతుంది, అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే. కొనాలనుకున్న డబ్బుతో ముందు విండోస్ సంగతి చూడండి. విండోస్ 7కి 2020 జనవరిలోనే, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు ఆగిపోయింది. క్రాక్ వేసిన (లైసెన్స్ లేకుండా నడిచేలా చేసిన) విండోస్, క్రాక్ టాలీ ఉంటే తీసేయండి. ఆ క్రాక్ ఫైలు ఎవడు చేశాడో మనకు తెలియదు, దాన్ని నడపడానికి మనమే యాంటీవైరస్ ఆపుతాం. మిగిలిన డబ్బుతో రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు కొనండి. ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకోటి. బ్యాకప్ అయ్యాక వైరు తీసేయాలి, ఒకటి ఎప్పుడూ మీ ఇంట్లో ఉండాలి. నెలకోసారి అందులోంచి టాలీ డేటా వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌ని నమ్ముకుని కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు మీరు నాకు చెప్పాల్సినవి మూడున్నాయి. ఆ జిప్ తెరిచిన సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్ ఎప్పుడైనా చేశారా, టాలీ డేటా ఎక్కడుంది, మీ మెయిల్ ఎవరి హోస్టింగ్‌లో ఉంది. మీ పేరుతో వచ్చిన ఆ బెదిరింపు మెయిల్‌ని జీమెయిల్‌లో చూస్తుంటే, పక్కన మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" తెరిచి, పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పక్కన పాస్ అని ఉందో ఫెయిల్ అని ఉందో రాయండి. ఫెయిల్ అని ఉంటే వాడు బయటి నుంచి మీ పేరు రాసుకున్నాడంతే. మూడూ పాస్ అని ఉంటే మాత్రం మీ మెయిల్‌బాక్స్ లోపలి నుంచే పంపి ఉండొచ్చు, అప్పుడు ఎంత రాత్రయినా వెంటనే చెప్పండి.